పద్మ ఇంట్లో లేదు

2021 జనవరి 24, ఆదివారం. సాయంత్రం 5.30

అప్పయ్య మాస్టారి ఫేస్‌బుక్ లైవ్ ఇప్పుడే అయింది. గంటా పది నిమిషాలు. కుట్టుమిషన్‌కి ఫోన్ ఆనించి పెట్టి, కదలకుండా చూశాను.

ఫ్యామిలీ చారిటీ కచేరీ అని వారం నుంచి పోస్టర్ తిరుగుతోంది. క్వారంటైన్ సెంటర్లలో ఉన్న పేషెంట్ల భోజనాల కోసం. హాల్లో పెట్టడానికి పర్మిషన్ లేదు. అందుకని బోటాటౌంగ్‌లో వాళ్ల ఫ్లాట్‌లోనే, గోడకి దుప్పటి కట్టి కూచున్నారు. మాస్టారు వయొలిన్. కూతురు మణిమాల పాట. కొడుకు కోటిబాబు తబలా. మాస్టారికి డెబ్భై ఆరు. మన తెలుగువాళ్లకి మాస్టారు, బర్మావాళ్లకి గౌరవంగా ఊ అప్పయ్య. నలభై ఏళ్లపాటు ఇక్కడ బర్మాలో రికార్డింగ్ స్టూడియోలు ఆయన చుట్టూ తిరిగాయి.

రెండో పాటలో దారి తప్పారు. పల్లవికి రావలసినవారు మళ్లీ చరణంలోకే వెళ్లారు. మళ్లీ. మళ్లీ. అప్పుడు మణిమాల గట్టిగా అందుకుంది. ఇంకో రెండు చోట్ల కూడా ఇంతే. ఆయన విల్లు ఎత్తితే చాలు, ఈమె గొంతు పెంచేస్తోంది. చివర్లో పడవపాట. మా తాతలు ఓడల్లో వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న పాట. అందులో ఎప్పుడూ మాస్టారి సోలో ఉంటుంది. దాని కోసమే జనం కాచుకుని ఉంటారు. ఈసారి ఆ చోట మణిమాలే ఆలాపన చేసింది. ఆయన విల్లు ఒళ్లో పెట్టుకుని కూతురి మొహంలోకి చూస్తూ కూచున్నారు.

ఎనిమిదేళ్లు ఆయన దగ్గర వయొలిన్ నేర్చుకున్నదాన్ని. నాకు తెలియదా?

సాయంత్రం 6.30

అభిమానుల గ్రూప్ ఆగకుండా మోగుతోంది. టాక్సీ తోలే బర్మా ఆయనొకడు రోడ్డు పక్కన కారాపుకుని ఏడ్చాడట. చిమిండైంగ్ పేటలో ఉండే చంద్రరావుగారు ముప్పై ఏళ్లుగా ఒక్క కచేరీ వదల్లేదు. ఆ విల్లులో తేనె ఇంకా తరగలేదని రాశారు. ఎవరో సింగపూర్ నుంచి పువ్వులు పెట్టారు. అద్భుతం, అమృతం, గూస్‌బంప్స్.

ఒక్కళ్లూ నిజం రాయరేం?

నేను రాశాను. నిమిషాలతో సహా. పంతొమ్మిదో నిమిషం, ముప్పై నాలుగు, యాభై ఒకటి. మాస్టారు ఎక్కడ తప్పారో, ఏం వాయించాల్సిందో. అక్కడితో ఆపితే సరిపోయేది. కింద ఇంకో రెండు ముక్కలు చేర్చాను. కూతురి గొంతు వినబడడం కోసం తండ్రి వయొలిన్ నొక్కేశారని, పెద్దాయన్ని బొమ్మలా కూచోబెట్టి చారిటీ పేరు పెట్టుకున్నారని.

పోస్ట్ చేశాక చేతులు వేడెక్కాయి. హాయిగా కూడా అనిపించింది. ఇదెవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

జనవరి 25

నా కామెంట్‌కి నలభై ఒక్క రిప్లైలు. తిట్లే ఎక్కువ. ఆరు లైకులు. ఆ ఆరుగురు ఎవరా అని రెండుసార్లు చూసుకున్నాను.

జనవరి 27

చంద్రరావుగారు ఫోన్ చేశారు. తిట్టలేదు. అదే కష్టంగా ఉంది.

మాస్టారికి ఏడాదిగా మతిమరుపట. మామూలు మతిమరుపు కాదు, డాక్టరు పేరు పెట్టిన జబ్బే. ఇంటిదారి మర్చిపోతున్నారు, మధ్యాహ్నం భోంచేసిన సంగతి మర్చిపోతున్నారు. వద్దన్నా వినకుండా ఈ కచేరీ పెట్టించింది ఆయనే. తను తప్పినప్పుడల్లా గొంతు పెంచి కప్పెయ్యమని మణిమాలతో ముందే ఒప్పందం చేసుకున్నారట. సోలో మాత్రం ఆ పొద్దున్నే పూర్తిగా పోయిందట, ఎంత వెతుక్కున్నా చేతికి రాలేదట. ఈ సంగతి గ్రూప్‌లో పెట్టొద్దన్నారు చంద్రరావుగారు. నాకు మాత్రం తెలియాలని చెప్పారు.

మణిమాలా నేనూ ఒకే చాప మీద కూచుని సరళీ స్వరాలు నేర్చుకున్నాం. నా చెయ్యి బాగుండేది. మాస్టారే అనేవారు. నా పంతొమ్మిదో ఏట ఆయన స్టూడియోకి మణిమాలని పాడడానికి తీసుకెళ్లారు, నన్ను తీసుకెళ్లలేదు. మర్నాటి నుంచి వెళ్లడం మానేశాను. కారణం చెప్పలేదు. ఇప్పుడు నాకు యాభై ఒకటి. ఆ రోజు చెప్పని మాటే మొన్న గ్రూప్‌లో నూటెనభై మంది ముందు చెప్పానేమో.

జనవరి 30

క్షమాపణ రాద్దామని కూచున్నాను. మూడుసార్లు రాసి కొట్టేశాను. ప్రతిదాంట్లోనూ నన్ను నేను వెనకేసుకొస్తున్నాను. సోమవారం స్థిమితంగా రాస్తాను.

ఫిబ్రవరి 1, సోమవారం

పొద్దున్న ఫోన్ లేదు. నెట్ లేదు. సైన్యం దేశాన్ని చేతిలోకి తీసేసుకుందని కింద టీ షాపు ఆవిడ డా ఖిన్ మెట్లెక్కి వచ్చి చెప్పింది. చెప్పి మా గుమ్మంలోనే కూచుండిపోయింది.

ఫిబ్రవరి 4

ఫేస్‌బుక్ ఆపేశారు. నా కామెంట్ లోపల ఉండిపోయింది. తియ్యలేను, దాని కింద ఒక్క మాట చేర్చలేను.

రాత్రి ఎనిమిదింటికి వీధంతా నిరసనగా గిన్నెలు మోగించారు. నేనూ ఇడ్లీపాత్ర తీసుకుని బాల్కనీలోకి వెళ్లాను.

ఫిబ్రవరి 9

పక్క ఫ్లాట్ పిల్ల నా ఫోన్‌లో వీపీఎన్ పెట్టింది. కామెంట్ డిలీట్ చేశాను. గ్రూప్‌లో పాటల ఊసే లేదు. ఎక్కడ కాల్పులు, ఎవరిని పట్టుకెళ్లారు, ఇవే. ఇంత గోలలో నా క్షమాపణ ఎవరిక్కావాలి అనుకున్నాను. ఎవరిక్కావాలో తెలిసి కూడా అనుకున్నాను.

ఫిబ్రవరి 22

సమ్మె. షాపులన్నీ మూత. సూలే పగోడా దగ్గర ఇసకేస్తే రాలని జనం. పాటలవాళ్ల బ్యాచ్‌లో కోటిబాబు మెడకి డోలు తగిలించుకుని ఉన్నాడు. పక్కన మణిమాల. మధ్యలో ప్లాస్టిక్ స్టూల్ మీద మాస్టారు, గొడుగు కింద. వయొలిన్ లేదు. చుట్టూ ఏం జరుగుతోందో తెలిసినట్టు లేదు గానీ, మొహం మాత్రం పెళ్లిలో కూచున్నవాళ్ల మొహంలా ఉంది.

పది గజాల దూరం. నాకు మాస్కుంది, టోపీ ఉంది. మణిమాల ఇటు చూసింది. గుర్తుపట్టలేదనే అనుకుంటాను.

వెళ్లలేదు.

మార్చి 3

తుపాకీ చప్పుడు కుక్కర్ విజిల్ అంత మామూలైపోయింది. వీధి చివర కుర్రాళ్లు అడ్డంగా ఇసక బస్తాలు పేర్చారు. బిల్డింగ్‌లో అందరం కలిసి ఒక మాట అనుకున్నాం. కింద గేటుకి ఎప్పుడూ తాళం. తెలిసినవాళ్లు ముందు ఫోన్ చేసి రావాలి. ఫోన్ చెయ్యకుండా ఎవరొచ్చినా తియ్యకూడదు. ఇన్‌ఫార్మర్లు ముసలివాళ్ల వేషంలో కూడా వస్తున్నారని డా ఖిన్ అంటోంది.

మార్చి 10. మధ్యాహ్నం 3

ఇప్పుడే ఒకటి జరిగింది.

నా బాల్కనీ తాడుకి కట్టిన గంట మోగింది. పేపరూ కూరలూ పైకి లాక్కునే తాడు, నాలుగో అంతస్తు నుంచి వీధిలోకి వేలాడుతూ ఉంటుంది. ఇవాళ ఎవరికీ ఏమీ తెమ్మని చెప్పలేదు. కర్టెన్ పక్కనుంచి చూశాను. కింద ఎవరో ముసలాయన. వెదురు టోపీ, మాస్కు, మాసిన లుంగీ. తాడు పట్టుకుని ఊపుతున్నాడు. ఆపి, తలెత్తి చూస్తున్నాడు. మళ్లీ ఊపుతున్నాడు. మెయిన్ రోడ్డు మీద మిలటరీ లారీ ఆగి ఉంది. వీధిలో పిట్ట లేదు.

తాడు పైకి లాగేశాను. ఆయన చేతిలోంచి జారిపోయింది. చెయ్యి అలాగే ఎత్తి కాసేపు నిలబడ్డాడు.

తర్వాత చూస్తే లేడు.

మార్చి 19

కోటిబాబుని పట్టుకెళ్లడానికి వార్డు ఆఫీసు వాళ్లు వచ్చారని, అతను ముందే సరిహద్దు వైపు వెళ్లిపోయాడని చంద్రరావుగారు చెప్పారు. ఫోన్‌లో అంతకంటే చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఏప్రిల్ 13

తింజాన్, కొత్త సంవత్సరం నీళ్ల పండగ. ఎవరూ ఎవరి మీదా నీళ్లు చల్లలేదు.

మే 16, ఆదివారం

ఇవాళ వెళ్లాను. ఎందుకివాళంటే చెప్పలేను. నిన్న బ్లౌజు కుడుతూ ఉంటే, ఇంక ఒక్కరోజు కూడా మొయ్యలేననిపించింది. బస్సు దిగి బోటాటౌంగ్‌లో పాత గోడౌన్ల పక్కనుంచి నడిచాను. చేతిలో అరటిపళ్లు. దారంతా మాటలు వరస పెట్టుకున్నాను.

మణిమాల తలుపు తీసింది. చిక్కిపోయింది. రా అనలేదు, పొమ్మనలేదు. పక్కకి తప్పుకుంది.

మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. ఏటి కావాలమ్మా అని మర్యాదగా అడిగారు, దుకాణానికి వచ్చినవాళ్లని అడిగినట్టు. దణ్ణం పెట్టాను. కూచోమని చెయ్యి చూపించి మళ్లీ కిటికీ వైపు తిరిగారు.

వంటింట్లో నేలమీద కూచుని మణిమాలకి చెప్పాను. వరస పెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. నేను రాసింది తప్పే, అసూయతో రాశాను, అన్నాను. అంతే వచ్చింది.

అది వంకాయలు తరుగుతూనే అంది.

"నువ్వు సెప్పిన మూడు సోట్లూ నిజిమేనే. నానకి సదివి ఇనిపించేను."

ఎందుకు చదివావే అన్నాను.

"ఆయనే సదవమన్నాడు. అందరివీ సదివేను, బాగున్నాది, బాగున్నాది అని. ఇసుక్కున్నాడు. నీది సదివితే లేచి కూకున్నాడు. మళ్లీ సదువు అన్నాడు. ఇదొక్కర్తే ఇన్నాదే, అన్నాడు. మిగతా అందరూ నన్ను సూసేరు, పద్మ ఇన్నాది, అన్నాడు."

తన గురించి నేను రాసింది మాత్రం చదవలేదని కూడా అంది. కత్తిపీట పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది.

ఆ మర్నాటి నుంచి ఆయన రోజూ నా పేరే ఎత్తేవారట. ఏ నిమిషంలో ఏం పోయిందో పద్మకి తెలుసు, దాన్ని రమ్మను, సోలో దాని చేతిలో ఉండి ఉంటుంది, చిన్నప్పుడు దానికే నేర్పాను అని. మణిమాల ఫోన్ చెయ్యలేదు. కోపంతో చెయ్యలేదట. తను పిలిస్తే నేను రానేమోనని కూడా అంది. ఆ పాపం తనది కూడా అంది.

మిగతాది ఎందుకు చెప్పిందో. చెప్పకుండా ఉంటే బాగుండేది. లేదు, చెప్పడమే మంచిది.

మార్చి నెలలో ఒకరోజు అది స్నానానికి వెళ్లి వచ్చేసరికి ఆయన లేరు. కోటిబాబు ఒకవైపు, ఇది ఒకవైపు పరుగెత్తారు. కాల్పులు జరుగుతున్న రోజు. కర్ఫ్యూకి గంట ముందు దొరికారు. పబేడాన్‌లో, మూసేసిన బట్టల కొట్టు మెట్టు మీద. నా వీధిలోనే. నా చిన్నప్పటి నుంచీ మాది అదే ఇల్లు. మంచినీళ్లు తాగించి, ఎక్కడికెళ్లేవు నానా అని అడిగితే ఒకటే మాట అన్నారట.

"పద్మ ఇంట్లో లేదు."

ఏ తేదీ అని అడగలేదు. వెదురు టోపీ గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూనే ఉంది.

ఉన్నాను మణీ, అన్నాను. ఇంట్లోనే ఉన్నాను. పైనుంచి చూశాను. తాడు లాగేశాను.

అది నన్ను చూసింది. కొట్టినా బాగుండేది. లేచి వంకాయలు మూకుట్లో వేసింది. తిని వెళ్లు, అంది.

నాలుగు నెలలు ఆ కామెంట్ కోసం కుమిలిపోయాను. దాన్నేమో ఆయన నెత్తిన పెట్టుకున్నారు. నేను ఒక్క నిమిషం కూడా బాధపడనిది ఆ తాడు లాగినందుకు.

జూన్ నెల

ఆదివారాలు వెళ్తున్నాను. మాస్టారి వయొలిన్ తీసి, తీగలు బిగించి, ఆ సోలో వాయించాను. ముప్పై రెండేళ్ల తర్వాత. వేళ్లు కొయ్యల్లా ఉన్నాయి. గుర్తున్నంత వాయించాను, నిజానికి సగమే గుర్తుంది. ఆయన విన్నారు. బాగుందమ్మా అన్నారు. అందరూ అనే మాటే. ఎక్కడ తప్పానో ఆయన చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి మార్చిలో నా గుమ్మం దాకా వచ్చాడు.

జూలై 12

ఊరంతా జ్వరం. కిటికీలకి పసుపు గుడ్డలు, మందులు కావాలని. ఆక్సిజన్ సిలిండర్ల కోసం మైళ్ల క్యూ. మాస్టారికి రెండ్రోజులుగా దగ్గు. వస్తానన్నాను. నువ్వొక్కర్తివైనా బతికుండు, రావద్దు అంది మణిమాల.

జూలై 15

మాస్టారు పోయారు. పొద్దున్న పదిన్నరకి. సిలిండర్ దొరికింది, పట్టుకొస్తున్నామని చంద్రరావుగారు ఫోన్ చేసిన పావుగంటకి.

జూలై 16

యేవే శ్మశానానికి ఎవరినీ రానివ్వలేదు. వలంటీర్లే తీసుకెళ్లారు. కోటిబాబుకి కబురు అందిందో లేదో తెలియదు.

జూలై 18

మణిమాలకి పాజిటివ్. ఆక్సిజన్ 91. ఇంట్లో అది ఒక్కర్తే. రావద్దని మళ్లీ అంది, మాట మధ్యలో రెండుసార్లు ఆయాసపడింది.

సరే అన్నాను. ఫోన్ పెట్టేసి బ్యాగ్‌లో రెండు చీరలు, మాస్కులు, పారాసెటమాల్, బియ్యం పెట్టాను. పొద్దున్న కర్ఫ్యూ ఎత్తగానే బయల్దేరతాను. తలుపు తియ్యకపోతే తీసేదాకా గుమ్మంలో కూచుంటాను.

జూలై 29. బోటాటౌంగ్

గంజిలో ఉప్పు ఎక్కువైందని మణిమాల ఇవాళ నన్ను గసిరింది. పది రోజులుగా దానికి రుచే తెలియలేదు.