నిర్దోషి అని రాయలేదు

12 ఆగస్టు 1967, శనివారం
మా శంకర్ బయటపడ్డాడు! విచారణ అయిపోయింది, నేరం మోపినవాళ్ల జాబితాలోంచి వాడి పేరు కొట్టేశారు, సోమవారం నుంచి క్లాసులకు పోవచ్చు! యూనివర్సిటీ ఆఫీసు మెట్ల మీదే వాణ్ని పట్టుకుని ఏడ్చేశాను. సిగ్గెందుకు? బేకసూర్, ఏ తప్పూ లేనివాడు! హాస్టల్ గొడవలో వాచ్‌మన్ యాదగిరి కన్ను పోగొట్టిన ఆ రాయి నా కొడుకు విసిరింది కాదు. తార్నాకలో దిగి పేడాలు కొన్నాను, సంచి నిండా.

13 ఆగస్టు
వీధంతా పంచాను. సంతోషంలో కాళ్లు ఆగలేదు — మాణికేశ్వర్ నగర్‌లో యాదగిరి ఇంటికీ పోయాను. తీగ మీద కంటికట్టు గుడ్డలు ఆరుతున్నాయి. అతని భార్య పేడా తీసుకుంది, తినలేదు.
"మంచిదే పటేలా. మీ పిలగాడు కాదంటే సంతోషమే. మరి ఎవలు కొట్టిన్రట?"
లోపల యాదగిరి దగ్గు. సంచి సర్దుకుని వచ్చేశాను.

14 ఆగస్టు
యూనివర్సిటీ ఆఫీసువాళ్లు ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. ఎదురింటి పంతులు చదివి చెప్పాడు — నేరం రుజువు కాలేదట.
"నిర్దోషి అని లేదా?"
"ఆ మాట లేదన్నా."
"రెండూ ఒకటే గద?"
"ఆఫీసుకు ఒకటే. నీకు ఒకటేనా అంటే నేనేం జెప్త?"
నేను చదివింది ఉర్దూ నాలుగు తరగతులు. జుర్మ్ అంటే నేరం, కోర్టు కచేరీలవాళ్లు తేల్చేది. కసూర్ అంటే తప్పు, మనిషికీ మనిషికీ మధ్యది. గునా అంటే పాపం... అది ఎవరు తేలుస్తారు? కాగితం మొదటి దాని సంగతే చెప్పింది.

15 ఆగస్టు
జెండా పండుగ. శంకర్ గడప దాటలేదు. పేడాలు ముట్టలేదు. కళ్లు మూస్తే నాకు ఆ గుడ్డలే.

16 ఆగస్టు
అడిగేశాను.
"కొట్టినవా బిడ్డా?"
"రుజువు కాలేదు గద బాపు."
తల ఎత్తలేదు.
ఇంట్లో నా భార్య నర్సమ్మ గొడవ — "చుట్టాలకు ఇంకా చెప్పలేదా? మొన్న ఊరంతా మోగిన నోరు, ఏమైందయ్యా?"
చెప్పాలి. ఏ మాటతో చెప్పాలి? చెప్పాల్సిన చుట్టాల పేర్లు వరసగా రాస్తున్నాను.
అంబర్‌పేట చెల్లె — తప్పు చేయలేదంటే చాలు, పోచమ్మకు కోడిని కోస్తుంది.
రామంతాపూర్ బావ. కాగితం చూపమంటాడు.
పెద్దబిడ్డ, అల్లుడు.
ఊళ్లో అన్న — "మనోడు గట్ల జేస్తడా" అని ఇప్పటికే నలుగురితో కొట్లాడి ఉన్నాడు.
యాదగిరి.
చుట్టం కాడు. అయినా పేరు రాశాను, కొట్టేయలేకపోతున్నాను.