మచ్చ పడని డాగ్‌వుడ్‌కు వారసులు

టెన్నెసీ రాష్ట్రం పైనీ క్రీక్ నివాసి, కీర్తిశేషుడు ఆర్విల్ హాచర్ భార్య వెర్నా అనే నేను, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న చివరి వీలునామా ఇది. మోకాళ్లు పోయాయి గాని బుద్ధి నిక్షేపంగా ఉంది. అనుమానమున్నవాళ్లు నాతో పేకాటకు కూర్చోవచ్చు.

1. ఇల్లు, పెరడు, పెరట్లోని తెల్లపూల డాగ్‌వుడ్ చెట్టు నా మేనకోడలు కొరీన్‌కు చెందాలి. మచ్చ తెగులు సోకి ఈ కొండమీది డాగ్‌వుడ్‌లన్నీ కింది కొమ్మల నుంచి ఎండుతూ పోయిన ఏడు, అడవిలో ఒకే ఒక్కటి పచ్చగా నిలబడింది. ఆర్విల్, నేనూ దాని కొమ్మ తెచ్చి అంటు కట్టాం. "చచ్చే జాతిని తెచ్చి పెంచుతావేంటక్కా, వేరే పని లేదా?" అని నా చెల్లెలు ఐడెల్లా నవ్వింది. ఆర్విల్ పోయిన మరుసటి వసంతంలో చెట్టు మొదటిసారి పూసింది. ఆ ఏడు పూలు నేనొక్కదాన్నే చూశాను.

2. షరతులు. నీళ్లు చెట్టు మొదట్లోనే పోయాలి, ఆకులు తడపకూడదు; తడిస్తే మచ్చ తెగులు పాకుతుంది. గడ్డి కోసే యంత్రంతో బెరడు గీరితే, కొరీన్ భర్తకు ఆ యంత్రాన్ని ముట్టుకునే హక్కు రద్దు. కారు షెడ్డు కోసమని గొడ్డలి ఎత్తిన మరుక్షణం ఆస్తంతా ఐడెల్లాకు పోతుంది. ఆమెకు చెట్టంటే ప్రేమ లేదు గాని, కొరీన్ మీద కోపంతోనైనా కాపాడుతుంది.

3. అమ్మ కుట్టిన అతుకుల బొంత ఐడెల్లాకు. కప్పుకో చెల్లీ, చలికి కాళ్లు లాగుతాయి నీకు.

4. పక్కింటి డెల్మర్ ప్రూయిట్ కొట్టం నీడలో డాగ్‌వుడ్ నాటి, రోజూ సాయంత్రం నిలువెల్లా తడిపేవాడు. వద్దంటే, "చెట్టుకి స్నానం చేయిస్తే తప్పేంటి వెర్నా?" అన్నాడు. అది చచ్చింది. తర్వాత నాటినవీ అంతే. మొన్న ఏప్రిల్‌లో ఉతికిన చొక్కా వేసుకొచ్చి, విరగబూసిన నా చెట్టు కింద నిలబడి, పెళ్లి చేసుకుందామన్నాడు. నా కోసమా, చెట్టు కోసమా అని అడిగాను. టోపీ తీసి, ఒకసారి నన్ను, ఒకసారి చెట్టును చూశాడు.

"రెండూ కలిపి ఇవ్వవా?" అన్నాడు.

కుదరదన్నాను. అయినా అబద్ధమాడలేదు కనుక, ఆ చెట్టు నుంచే అంటు కట్టిన పిల్లమొక్కను కుండీతో సహా అతనికి రాస్తున్నాను.

5. దీన్ని అమలు జరపవలసినవారు వకీలు హార్లన్ బీచం. సాక్షి సంతకానికని డెల్మర్ సొంత పెన్నుతో వచ్చాడు. వీలునామాలో వాటా ఉన్నవాడు సాక్షిగా పనికిరాడని వకీలుగారు నోరు జారారు. అప్పటినుంచి డెల్మర్ కంచె అవతల మొక్కకని గుంట తవ్వుతున్నాడు, చక్కగా పొద్దుటి ఎండ పడేచోట.

నేనింకా బతికే ఉన్నానని అతనికి ఎవరైనా చెప్పండి.

2009 అక్టోబరు 14.
(సంతకం) వెర్నా హాచర్
సాక్షులు: రోవీనా స్టాల్‌కప్, ఎల్‌బర్ట్ మేనీ