దొరసాని పుట్టినరోజు

విశాఖపట్నం,
నవంబరు 3

ప్రియమైన అమ్మకు,

పొద్దున ఫోన్లో మాట్లాడిన పిల్ల మధ్యాహ్నానికల్లా ఉత్తరం రాయడమేంటని కంగారుపడకు. నాకేం కాలేదు. ఇక్కడ ఒక క్లబ్బులో చేరాను. మా క్లబ్బు నియమం ఏంటంటే, డిసెంబరులో పుట్టినరోజు పండగ అయ్యేదాకా ప్రతి ఒక్కరూ తమకి బాగా కావలసిన ఒక మనిషికి చేత్తో ఉత్తరాలు రాయాలి. క్లబ్బు కబుర్లు ఫోన్లో చెప్పకూడదు.

ఎవరి పుట్టినరోజంటావా? నీ దొరసానిది!

అవునమ్మా, నాన్న ఎగతాళిగా పేరుపెట్టిన ఆ దొరసానే. రెండు వందల యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో పుట్టి, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మనింట్లో నీ బల్ల మీద కూర్చున్న నవలా రచయిత్రి. నువ్వు స్కూల్లో ఎన్ని ఏళ్ళు ఇంగ్లీషు చెప్పినా, ఎంత బతిమాలినా ఒక్క పేజీ ముట్టని నేను ఇప్పుడు ఆవిడ పండక్కి గౌను కుట్టించుకుంటున్నాను.

మేం చేసే పనులు వింటే నవ్వుతావు. మొన్న అందరిలోకీ చెత్తగా పెళ్ళి ప్రస్తావన తెచ్చేది ఎవరని పోటీ పెట్టారు. నేవీ ఆయన ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని తన బదిలీల చరిత్రంతా చదివి గెలిచారు. అంతకుముందు వారం ఆవిడ నవల్లో ఒక మాట తప్పిన కుర్రాణ్ణి బోనెక్కించి విచారణ చేశాం. ప్రాసిక్యూటర్ని నేనే. జీవితాంతం అత్తగారితో చీట్లపేక ఆడాలని శిక్ష వేయించాను. గౌన్లూ టోపీలూ పెట్టుకుని బీచి రోడ్డు మీద నడిచాం కూడా. వేరుశనక్కాయల ఆవిడ "షూటింగా అమ్మా? హీరో ఏడీ?" అని అడిగింది.

ఇదంతా పెదవాల్తేరులో కరుణశ్రీ ఆంటీ వాళ్ళింట్లో జరుగుతుంది. ఆంటీ పళ్ళ డాక్టరు. ఆదివారం మమ్మల్నందరినీ కూర్చోబెట్టి పైకి చదివి వినిపిస్తుంది. నిజం చెప్పాలంటే నాకు దొరసానిని పరిచయం చేసింది ఆవిడే.

జవాబు ఉత్తరంలోనే రాయాలి, గుర్తుందిగా!

నీ
జాస్మిన్

—

తిరువూరు,
నవంబరు 9

ప్రియమైన జాస్మిన్‌కు,

దేవుని కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం అందింది. ఒత్తుల తప్పులు చాలా ఉన్నాయి. 'ప్రాసిక్యూటర్' ఒక్కటే సరిగ్గా రాశావు.

మీ నాన్న ఎ.కొండూరు సబ్‌స్టేషన్ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నిలబడి చదివి పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ వాక్యం నేర్చుకోవాలిగాని గౌను కాదు. ఒక మాట పక్కన ఇంకో మాటను ఎంత పొందిగ్గా కూర్చుతుందో చూడాలి. మోకాళ్ళ మీద బదిలీల చరిత్ర ఏంటి?

"దొరసానిని పరిచయం చేసింది ఆవిడే" అని రాశావు. తొమ్మిదో తరగతి సెలవుల్లో ఆవిడ నవలకు గోధుమరంగు అట్ట వేసి, పేరు రాసి నీ చేతిలో పెట్టింది ఎవరు? నువ్వు దాన్ని క్యారమ్ బోర్డు కింద ఎత్తు కోసం పెట్టుకున్నావు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఇంటరులో మళ్ళీ ఇచ్చాను. "నాకు బయాలజీ ఉందమ్మా" అన్నావు. డిగ్రీలో ఇంకోసారి ఇచ్చాను. అప్పుడేమన్నావో నీకే గుర్తుండాలి.

పోనీలే. ఎవరు చెబితే ఏం, చదివావు. సంతోషం.

ఆ కరుణశ్రీ గారు పళ్ళ డాక్టరని రాశావు, బాగుంది. ఇంగ్లీషు ఎక్కడ చదివారు? ఎమ్మే చేశారా? ఆవిడకు పిల్లలున్నారా? ఊరికే అడుగుతున్నాను.

వేళకు తిను.

అమ్మ

—

విశాఖపట్నం,
నవంబరు 22

ప్రియమైన అమ్మకు,

ఆంటీ ఎమ్మే చేయలేదు. పిల్లలు లేరు. ఇంగ్లీషు ఎక్కడ చదివారని అడిగితే "రోగి నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు మాట్లాడేది నేనొక్కదాన్నే కదా, అలా వచ్చేసింది" అంది. ఆవిడ చదువుతుంటే ఒక్కో మనిషికి ఒక్కో గొంతు వస్తుంది. మేం కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతాం. అమ్మా, ఇది నవ్వే పుస్తకమని నువ్వెప్పుడూ చెప్పలేదేం?

పండగ డిసెంబరు పద్నాలుగు ఆదివారం. అసలు పుట్టినరోజు ఆ తర్వాతే అయినా అందరికీ సెలవు కుదరాలి కదా. మేమే ఒక నాటిక రాశాం. దొరసాని మన కాలానికి వచ్చి, వైజాగులో బస్సు తప్పిపోయి, ఒక ఇంట్లో ఆశ్రయం అడుగుతుంది. ఆ ఇంటి అమ్మ వేషం ఆంటీది, కూతురి వేషం నాది. అమ్మ మాటలన్నీ నేనే రాశాను. నా గౌను ఆకుపచ్చది. పిన్ని ఇచ్చిన పట్టు చీర చించి కుట్టించాను, పిన్నికి చెప్పకు.

ఇంకో సంగతి. పోయిన వారం రెండు రోజులు జ్వరం వచ్చింది. నీకు చెబితే కంగారుపడి బయల్దేరుతావని చెప్పలేదు. ఆంటీ వచ్చి వాళ్ళింటికి తీసుకెళ్ళి జావ కాచి పెట్టింది. ఇప్పుడు బాగానే ఉన్నాను.

పండక్కి నువ్వు రావాలి. ఆంటీ కూడా "మీ అమ్మగారిని తీసుకురా, నాకు చూడాలనుంది" అంది. కంపెనీలో ఆడిట్ ఉంది కాబట్టి నాకెలాగూ క్రిస్మస్‌కి సెలవు దొరికేలా లేదు. నువ్వే రా అమ్మా.

నీ
జాస్మిన్

—

తిరువూరు,
డిసెంబరు 1

ప్రియమైన జాస్మిన్‌కు,

నీకు జ్వరం వచ్చింది. పెదవాల్తేరులో తెలిసింది, తిరువూరులో తెలియలేదు. ఆ రెండు రోజులూ నేను ఫోన్ చేస్తే "పనిలో ఉన్నానమ్మా" అన్నావు. నేను నమ్మాను. నీకు జావలో మజ్జిగ పడదు, ఉప్పూ జీలకర్రా వేయాలి. ఆవిడకు ఆ సంగతి ఎవరు చెప్పారు?

నవ్వే పుస్తకమని నేను చెప్పలేదట. నిజమే, చెప్పలేదు. నవ్వు చెబితే వచ్చేదా? కష్టపడి చదివితే దానంతటదే వస్తుంది. ఆదివారం పూట గొంతులు మార్చి చదివే తీరిక నాకెప్పుడుంది? పొద్దున్నే మీ నాన్నకు క్యారేజీ, తర్వాత స్కూలు, తర్వాత పిల్లల కాపీలు దిద్దడం. ఆదివారం చర్చి. వేరేవాళ్ళ పిల్లలకు వారానికొక పూట నవ్వులు పంచడం తేలిక. రోజూ జడ వేసి, హోంవర్కు రాయించి, పాలు తాగలేదని తిట్టేవాళ్ళకి ఆ పేరు రాదు.

నేను కూడా ఊరుకోలేదులే. మొన్న పదో తరగతిలో దొరసాని గురించి మాట్లాడాను. పిల్లలకు సరదాగా ఉంటుందని బోర్డు మీద పువ్వులు గీశాను. అంతా విని ఒకమ్మాయి లేచి, "టీచర్, ఇది పరీక్షకొస్తుందా?" అని అడిగింది. రాదన్నాను. అందరూ పెన్నులు మూసేశారు. లెక్కల సురేష్ బాబు గారు స్టాఫ్‌రూములో "ఎందుకండీ మీకీ శ్రమ?" అన్నారు. నిజమే, ఎందుకు?

పండక్కి రాలేను. అర్ధ సంవత్సర పరీక్షలు, చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు, బోలెడు పనులున్నాయి. నా బదులు మీ ఆంటీ ఉందిగా.

అమ్మ

—

తిరువూరు,
డిసెంబరు 16

ప్రియమైన జాస్మిన్‌కు,

పండగ బాగా జరిగే ఉంటుంది. నేను ఆదివారమంతా ఇంట్లోనే పేపర్లు దిద్దుకుంటూ ఉన్నాను. మీ నాన్నకు జలుబు. విస్సన్నపేట నుంచి అత్తయ్య వాళ్ళు వచ్చి వెళ్ళారు.

నువ్వు పెద్దదానివయ్యావు. నీకు నచ్చినవాళ్ళు నీకుంటారు. అది తప్పు కాదు. ఇక ఉత్తరాలు రాయనక్కర్లేదు, మీ పండగ అయిపోయింది కదా. ఫోన్లోనే మాట్లాడుకుందాం.

ఆ నీలం గౌను మెడ దగ్గర బాగా కిందికి దిగింది. ఒక కుట్టు వేయించు.

అమ్మ

—

విశాఖపట్నం,
డిసెంబరు 19

ప్రియమైన అమ్మకు,

నువ్వు వద్దన్నా రాస్తున్నాను. ఇది ఫోన్లో మాట్లాడే సంగతి కాదు.

నీ ఉత్తరం చివరి రెండు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో. నా ఆకుపచ్చ గౌను ఆ పొద్దునే చంక దగ్గర చిరిగింది. అప్పటికప్పుడు స్నేహితురాలి నీలం గౌను వేసుకున్నాను. ఆ సంగతి నీకు ఫోన్లో చెప్పలేదు. ఆ రోజు అందరి ఫోన్లూ ఆంటీ ఒక బుట్టలో వేయించేసింది, ఫొటో ఒక్కటీ లేదు. మరి తిరువూరులో పేపర్లు దిద్దుకుంటున్న మనిషికి నా మెడ ఎలా కనిపించింది?

సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా ఆంటీ వాళ్ళ అపార్టుమెంటుకు వెళ్ళి వాచ్‌మన్ మరియదాసు గారిని అడిగాను. "వచ్చారమ్మా ఒకావిడ, చేతిలో సంచి ఉంది. కింద పార్కింగులో మీ నాటకం జరుగుతుంటే గేటు దగ్గర నిలబడి చూశారు. ఎవరు కావాలమ్మా, లోపలికెళ్ళండి అన్నాను. ఎవరూ వద్దులే బాబూ, ఆ అమ్మాయి వాళ్ళమ్మతో ఉంది అనేసి ఆటో ఎక్కి వెళ్ళిపోయారు" అన్నారు.

అక్కణ్ణుంచి ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టానమ్మా.

నువ్వు విన్నది నాటకంలో "అమ్మా" అన్న పిలుపు. ఇంకాసేపు నిలబడి ఉంటే ఏం జరిగిందో చూసేదానివి. దొరసాని వచ్చి తన కొత్త నవల చూపిస్తుంది. ఆ అమ్మ కళ్ళజోడు ముక్కు చివరికి జరుపుకుని, జడలోంచి ఎర్ర పెన్ను తీసి, "కూర్చోండి. మొదటి పేరాలోనే కామా తప్పింది. భోంచేశారా? చెయ్యలేదా? ముందు తినండి, తర్వాత దిద్దుదాం" అంటుంది. రెండు వందల యాభై ఏళ్ళ దొరసాని చేతులు కట్టుకుని బల్ల మీద కూర్చుంటుంది. నవ్వుతో పార్కింగంతా దద్దరిల్లిపోయింది. ఆ అమ్మ ఎవరో నీకు వేరే చెప్పాలా? ఆంటీకి నీ నడక నేర్పించింది నేను. "అట్లా కాదాంటీ, మా అమ్మ తిట్టేటప్పుడు గొంతు పెంచదు, తగ్గిస్తుంది" అని ఎన్నిసార్లు చేయించానో. అయిపోయాక అందరూ "ఈవిడ నిజంగా ఉందా?" అని అడిగారు. ఉంది, తిరువూరులో ఉంది అని చెప్పాను. అప్పటికి నువ్వు రైల్లో ఉన్నావు.

ఇంకోటి కూడా చెప్పాలి. డిగ్రీలో నువ్వు ఆ పుస్తకం ఇచ్చినప్పుడు నేనేమన్నానో నాకు గుర్తుంది. "నీకు ఆవిడే ఎక్కువ" అన్నాను. నువ్వు అది జోకనుకున్నావు.

నా చిన్నప్పుడు నువ్వు స్కూలు నుంచి వచ్చి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆ పుస్తకం తెరిచేదానివి. కాసేపటికి నీ పెదవి చివర చిన్న నవ్వు పుట్టేది. నా బొమ్మ చూపిద్దామని వస్తే "ఒక్క పేజీ తల్లీ" అనేదానివి. నేను నిలబడే ఉండేదాన్ని. ఆ నవ్వు నేను బొమ్మ చూపించినప్పుడు రాలేదు, ఫస్టు మార్కు తెచ్చినప్పుడూ రాలేదు. నాకొక చెల్లెలు పుట్టినా అంత కుళ్ళుకునేదాన్ని కాదేమో. ఎప్పుడో చచ్చిపోయిన ఒక ఇంగ్లీషావిడ మీద ఎనిమిదేళ్ళ పిల్ల కుళ్ళుకుంది. అందుకే ఆ పుస్తకం ముట్టలేదమ్మా. బద్ధకం కాదు, బయాలజీ కాదు. కుళ్ళు.

మరి ఇప్పుడెందుకు చదివానంటావా? ఈ ఊరొచ్చిన కొత్తలో ఒక కాఫీ హోటలు గోడ మీద క్లబ్బు కాగితం అంటించి ఉంటే, దాని మీద ఆవిడ బొమ్మ చూశాను. చూడగానే మన ముందుగది వాసన వచ్చింది. అందుకే వెళ్ళాను. ఆంటీ కోసం కాదు.

నీ
జాస్మిన్

—

తిరువూరు,
డిసెంబరు 22

నా తల్లి జాస్మిన్‌కు,

నీ ఉత్తరం స్టాఫ్‌రూములో విప్పాను. అక్కడ విప్పకుండా ఉండాల్సింది. సురేష్ బాబు గారు మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

అవును, వచ్చాను. నువ్వు ఫోన్ చేస్తే నేను ఇంట్లోనే ఉన్నానని అబద్ధం చెప్పమని మీ నాన్నకు చెప్పి, విజయవాడలో రైలెక్కి వచ్చాను. నీకు చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపెడదామనుకున్నాను. సంచిలో రెడ్డిగూడెం మామిడి తాండ్ర, నా తెల్ల చీర అంచుతో కుట్టిన టోపీ ఒకటి ఉన్నాయి. గౌన్లూ టోపీలూ ఎందుకని నీకు రాసినదాన్నే, నాలుగు సాయంత్రాలు కూర్చుని కుట్టాను. గేటు దగ్గరికి వచ్చేసరికి నువ్వు ఆవిడ భుజం మీద తల వాల్చి "అమ్మా" అన్నావు. నాటకమని నాకు తెలుసు. తెలిసినా లోపలికి రాలేకపోయాను. వెనక్కి వచ్చేటప్పుడు ఆ టోపీ రైలు కిటికీలోంచి పారేద్దామనుకున్నాను. లేసు కుట్టిన కష్టం గుర్తొచ్చి ఊరుకున్నాను. తాండ్ర మాత్రం తునిలో ఎక్కిన ఒకావిడా నేనూ తినేశాం.

నువ్వు గుమ్మంలో నిలబడి చూసేదానివని నాకు తెలియదు తల్లీ. పుస్తకంలోంచి తలెత్తి ఉంటే తెలిసేది. ఆ నవ్వు నీది కాదనుకున్నావు. రోజంతా అరిచి వచ్చినదాన్ని, నవ్వడానికి నాకు అదొక్కటే చోటనుకున్నాను. నిన్నే పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే సరిపోయేది. నాకు ఆ ఆలోచన రాలేదు.

ఇవాళ సాయంత్రం మీ నాన్నను కూర్చోబెట్టి మొదటి అధ్యాయం పైకి చదివాను. గొంతులు కూడా మార్చాను. నవ్వాల్సిన చోట ఆయన నవ్వలేదు. మామూలు చోట నవ్వారు. ఎందుకు నవ్వారంటే "నువ్వు దొరలాగా మాట్లాడుతుంటే నవ్వకేం చేయను?" అన్నారు. చివరికి ఇద్దరం నవ్వాం. పక్కింటి రావమ్మ గారు ఏమైందోనని వచ్చి చూశారు.

కరుణశ్రీ గారికి నా నమస్కారాలు చెప్పు. జ్వరంలో నిన్ను చూసినందుకు ఆవిడకు రుణపడ్డాను, ఈ మాట నిజంగానే అంటున్నాను. ఆవిడ మీద కోపం పోయిందా అంటే, ముక్కాలు వంతు పోయింది. నా నడక ఆవిడకు నేర్పించావట, అది సరిగ్గా వచ్చిందో లేదో చూసి మిగతా పావు సంగతి చెబుతాను.

నీకు క్రిస్మస్‌కి సెలవు లేకపోతే లేదు. ఇక్కడ ఆరాధన అయ్యాక నేనే వస్తాను. శనివారం, ఇరవై ఏడున, పొద్దుటి రైలుకు టికెట్టు తీయించాను. సాయంత్రం అందరినీ కలుద్దాం.

స్టేషనుకు మాత్రం నువ్వొక్కదానివే రా.

అమ్మ