అమ్మ ఎప్పుడు పడిందిరా?

ఒరేయ్ పేపర్లోకెక్కిన తమ్ముడూ,

నువ్వు బాగానే ఉన్నావు. ఫొటోలో పళ్లన్నీ కనిపిస్తున్నాయి కాబట్టి ఎలా ఉన్నావని అడగను. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేంటి అనుకుంటావేమో. ఫోన్లో నేను రెండు మాటలు అనేలోపే "అక్కా, మీటింగులో ఉన్నా" అని పెట్టేస్తావు. ఉత్తరానికి మీటింగుల్లేవు. చింపి పారేసినా మళ్లీ ముక్కలు ఏరుకుని చదివే రోగం నీకు చిన్నప్పట్నించీ ఉంది.

నిన్న పొద్దున పక్కింటి పిన్ని సంచీ నిండా యాపిల్ పళ్లు పట్టుకొచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ మనింట్లోంచి పట్టుకెళ్లడమే చూశాను గానీ తేవడం చూడలేదు. అప్పుడే ఏదో జరిగిందనుకున్నా. అమ్మ వంటింట్లో స్టూలెక్కి బల్బు మారుస్తోంది. పిన్ని చూసి గుండె పట్టుకుంది.

"అయ్యో అక్కా, దిగు, దిగు! మళ్లీ పడతావు!"

"మళ్లీ ఏంటే? మొదటిసారి ఎప్పుడు పడ్డాను?" అంది అమ్మ, పైనుంచే.

"మా దగ్గర దాపరికం ఎందుకక్కా? పేపర్లో అంతా రాశారుగా."

రాశారు. మంచం మీంచి పదే పదే జారిపడే తల్లిని చూసి కన్నీళ్లు పెట్టుకున్న కొడుకట. ఆ కన్నీళ్లలోంచి పుట్టిన పరుపట, వాడు పనిచేసే కుర్చీల కంపెనీ తయారుచేసిందట. రోగి పక్కకి తిరిగితే మోగదట, లేచాడంటే మాత్రం నర్సు గదిలో మోగుతుందట. పెద్దాసుపత్రి కొత్త వార్డులో మంచాలన్నిటికీ అవే వేస్తారట. వచ్చే నెల ప్రారంభమట. వార్డు గుమ్మం దగ్గర ఈ కథంతా బోర్డు మీద రాసి పెడతారట. ఆ వార్త పక్కన ఫొటోలో మా వాడు, చేతిలో పూలగుత్తి, మొహంలో కొంచెం దిగులు, నోట్లో మాత్రం పళ్లన్నీ.

అమ్మ స్టూలు దిగింది. పేపరు చదివింది. ఆ రోజంతా గోడ పట్టుకోకుండా, మంచం కోడు పట్టుకోకుండా, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గబగబా నడిచింది. చూసేవాళ్లెవరూ లేకపోయినా నడిచి చూపించింది. అమ్మ ఎప్పుడు పడిందిరా? ఏ మంచం మీంచి? డెబ్భై దాటినా నాకంటే ముందు బస్సెక్కే మనిషిని నువ్వు ఊరందరి ముందూ మంచాన పడేశావు.

అసలు కథ నువ్వు మర్చిపోయుంటే నేను గుర్తు చేస్తా. ఇక్కడ నేను పనిచేసే కుర్చీల ఫ్యాక్టరీలో మా కుట్టుగది. గోడవతల గదిలో మా సూపర్‌వైజరు. నవ్వితే జీతం కోస్తారన్నట్టు ఉండే ఆ మొహానికి గంభీరం అని పేరు పెట్టింది నేనే. కబుర్లాడుతూ దొరికినవాళ్లని గోడౌన్లో గోడవైపు తిప్పి ఒంటరిగా కూర్చోబెట్టి కుట్టించడం ఆయన పద్ధతి. మాట్లాడకుండా ఒక పూట కుట్టమంటే నేను చచ్చిపోతాను. ఆ గోడకి నా వీపు కంటే నా మొహమే ఎక్కువ తెలుసు.

ఒకరోజు పాత సామాన్ల కొట్లో పాడైన ఫ్రిజ్ విప్పుతుంటే చూశా. తలుపు మూస్తే లోపల ఓ బటను నొక్కుకుని దీపం ఆరిపోతుంది. తలుపు తీస్తే బటను పైకి లేచి దీపం వెలుగుతుంది. అంతే, నాకు నవ్వొచ్చింది. గంభీరంగారు కూర్చుంటే నొక్కుకుంటుంది, లేస్తే లేస్తుంది కదా! ఆ బటను తెచ్చి ఆయన కుర్చీ దిండులో పెట్టి కుట్టేశా. తీగ గోడవారగా లాగి, నా మిషను కింద చిన్న బజరు బిగించా. ఆయన లేవగానే అది గుర్ర్ మంటుంది, నేను కాలి దగ్గర స్విచ్చి కట్టేస్తా, ఆయన తలుపు తీసేసరికి అందరం తలలు వంచుకుని కుడుతూ ఉంటాం. ఫ్రిజ్ తలుపుకీ ఆయన పిరుదులకీ పెళ్లి చేసింది నేనురా! నువ్వు కాదు, నీ కన్నీళ్లు కాదు. ఆ రోజుల్లో నువ్వొచ్చి చూసి, కింద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వావు. పోయినేడాది వచ్చి, బస్సులో నడుం పట్టేసిందని నేలమీద పడుకున్నప్పుడు కూడా "ఆ బజరు ఇంకా ఉందా అక్కా?" అని అడిగావు. ఎందుకడిగావో ఇప్పుడర్థమైంది.

నవ్వులోంచి పుట్టిందని చెప్పుకోడానికి నీకు సిగ్గేసింది. దానికి అమ్మని వాడుకున్నావు. ఆ బోర్డు తీయించు. లేకపోతే నేనే వచ్చి తీస్తా.

ఇట్లు,
ఏ మంచం మీంచీ పడని అమ్మకి పుట్టిన
నీ అక్క

* * *

మాటలు పొదుపుగా వాడే తమ్ముడికి,

నేను అన్ని పేజీలు రాస్తే నువ్వు రాసింది ఇదీ: "అక్కా, వదిలెయ్. నవ్వులాటలోంచి వచ్చిందంటే ఆసుపత్రి వాళ్లు కొనరు. అన్నీ రాయలేను." సంతకం కూడా సరిగ్గా పెట్టలేదు.

ఎందుకు కొనరు? కొత్త వస్తువు ఏది వచ్చినా దాని వెనక ఎవరో ఒకరు ఏడ్చి ఉండాలా? నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినదాన్ని, పెద్ద మాటలు రావు. కానీ నా బుర్ర ఎప్పుడు పని చేస్తుందో నాకు తెలుసు. బాధలో ఉన్నప్పుడు నాకు అన్నం వండాలని కూడా తోచదు. ఎవర్నైనా ఆట పట్టించాలనుకుంటే మాత్రం పది దారులు కనిపిస్తాయి. మా యజమాని సోఫాలో కుయ్ మనే రబ్బరు బాతుని కుట్టింది ఎవరు? ఆయన దూరపు చుట్టం వచ్చి కూర్చున్నప్పుడే అది అరిచేలా లోతు కొలిచి పెట్టింది ఎవరు? కొంటెపని అంటే తేలిక అనుకుంటావు. ఎదుటి మనిషి ఎప్పుడు లేస్తాడు, ఎటు ఒరుగుతాడు, టీ ఏ చేత్తో తాగుతాడు, దగ్గేముందు ఏం చేస్తాడు, అన్నీ చూడాలి. గంభీరంగార్ని చూసినంత శ్రద్ధగా నేను నా మొగుణ్ని కూడా చూడలేదు. చూసి ఉంటే ఆయన కాస్త సంతోషపడేవాడు.

కనిపెట్టడమంటే అంతేగా? చూడటం, తర్వాత సంబంధం లేని రెండిటిని ఒకచోట కుట్టడం. మధ్యలో కన్నీళ్లెక్కడున్నాయి? పైగా అవి అమ్మవి కూడా కావు.

ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు పరామర్శకి వస్తున్నారు. చీరల దుకాణం ఆవిడైతే అమ్మ చెయ్యి పట్టుకుని వీధి దాటించబోయింది. అమ్మ ఆ చెయ్యి విదిలించుకున్న తీరుకి ఆవిడే పడబోయింది.

కాబట్టి విను. నేను ప్రారంభానికి వస్తున్నా. ఒంటరిగా కాదు, గంభీరంగారి కుర్చీతో సహా వస్తా. ఆయన ఈ మధ్యే రిటైరయ్యాడు, కుర్చీ గోడౌన్లో పడి ఉంది. పెద్ద డాక్టరుని దాంట్లో కూర్చోబెట్టి లేపుతా. అది గుర్ర్ మంటుంది. అప్పుడు మైకు తీసుకుని అందరికీ చెప్తా ఇది ఎవరి బుర్రో. నువ్వు ఎక్కడ దాక్కుంటావో చూసుకో.

ఇట్లు,
కుర్చీ మోసుకొచ్చే
అక్క

* * *

తమ్ముడూ,

ఈసారి మొదట్లో తిట్టను, తర్వాత సంగతి చెప్పలేను.

కుర్చీ తెచ్చేముందు పాత రెక్సిన్ బాగుచేద్దామని దిండు విప్పాను. నా కుట్టు నాకు తెలుసు, సన్నగా, వరసగా, చీమల బారులా ఉంటుంది. ఒక వైపు నాదే. రెండో వైపు ఇంకెవరిదో. జానెడేసి కుట్లు, ఒకచోట ముడి మీద ముడి, సూది గుచ్చుకుని కాబోలు చిన్న రక్తపు మరక. సూది పట్టడం రాని మగాడి కుట్టు. విప్పాను. లోపల రెండో బటను.

మొదట్లో ఆ బజరు ఊరికే మోగేది, నీకు గుర్తుందో లేదో. ఆయన టీ కప్పు కోసం వంగినా గుర్ర్ మనేది, మేం తలలు వంచుకుని బిక్కచచ్చి కుట్టేవాళ్లం, ఎవరూ వచ్చేవారు కాదు. కొన్నాళ్లకి ఆ పిచ్చి మోత ఆగిపోయింది. నేను "నా చేతి మహిమ, దానంతటదే సర్దుకుంది" అని అందరి దగ్గరా కాలరెగరేశా, కాలరు లేకపోయినా.

తిన్నగా ఆయనింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు. బటను ఆయన ముందు పెట్టా.

"దొరికిందా? ఇన్నేళ్లు పట్టిందేమమ్మా?" అన్నాడు.

"మీకెప్పట్నించి తెలుసు?"

"మొదటి రోజే. కింద గట్టిగా గుచ్చుకుంటే తెలీదా? నీ కుట్టు బాగుంటుంది గానీ నా ఒళ్లు కూడా బాగానే పని చేస్తుంది."

"మరి పట్టుకుని గోడౌన్లో కూర్చోబెట్టలేదేం?"

"నాకు అలా కూర్చోబెట్టడం ఇష్టమనుకున్నావా? పైవాళ్ల రూలు అది. నేను తలుపు తీసేసరికి మీరందరూ పనిలో ఉంటే నాకు తిట్టే పని తప్పుతుందిగా. కానీ టీ కోసం వంగితే చాలు, గోడవతల మీ నవ్వు టక్కున ఆగిపోయేది. నాకు టీ సయించేది కాదు. అందుకని ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి, రెండూ లేస్తేనే మోగేలా పెట్టా."

నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయా. అది ఆయన చెడగొట్టాడు.

"మీ తమ్ముడు పోయినేడాది వచ్చి అడిగితే రెండు బటన్ల కిటుకూ చూపించా. నీ ఆట పాడవుతుందని నీకు చెప్పొద్దన్నా. ఇంతకీ ఆ బోర్డు మీద నా ఫొటో వేయిస్తావా? నా దగ్గర కోటుంది."

"మీ ఫొటో ఎందుకు? మొదటి బటను నాది!"

"ఒక్క బటనుతో అది అల్లరి. రెండోది పెట్టాకే వస్తువైంది."

"మొదటిదే లేకపోతే రెండోది ఎక్కడ పెట్టేవారు? నెత్తి మీదా?"

వాళ్లావిడ బయటికొచ్చి "ఏం గొడవ? ఎవరిది ఏం పోయింది?" అని అడిగేదాకా ఇద్దరం అరుచుకున్నాం. ఎవరిదీ ఏమీ పోలేదు. అప్పుడు నేను ఎలా అరుస్తున్నానో నాకే తెలిసింది. జీవితంలో నన్ను ఆట పట్టించినవాడు లేడనుకున్నా, ఈయన ఏళ్ల తరబడి నా దిండు మీద కూర్చుని నన్ను ఆడించాడు. ఒళ్లు మండిపోతోంది. ఆయన మీదా, రెండు బటన్ల సంగతి తెలిసి నోరు మూసుకున్న నీ మీదా, అంతా నాదేనని మైకు పట్టుకుందామనుకున్న నా మీదా.

దార్లో నడుస్తుంటే ఇంకోటి తట్టింది. నేను కుర్చీ వరకే ఆలోచించా. ఆయనా కుర్చీ వరకే. ఆ ఆటవస్తువుని ఆసుపత్రి మంచంలోకి తీసుకెళ్లింది నువ్వు. ఆ ముక్క నీది, ఒప్పుకుంటా. కానీ ఎలా తట్టింది? ఇన్ని తిట్లు తిట్టానే గానీ నేను ఆ మాట అడగనేలేదు. ఊరూరా తిరిగి ఆఫీసు తరఫున కుర్చీలమ్మే నీకు మంచం మీంచి పడేవాళ్ల సంగతి ఎందుకొచ్చింది? అమ్మ పడలేదు. మరి ఎవరు పడ్డారురా? ఈసారి రెండు ముక్కలు రాశావంటే నీ ఇంటికే వస్తా.

ఇట్లు,
నీ అక్క

* * *

ఒరేయ్ దొంగవెధవా,

నీ ఉత్తరం అందింది. నాకంటే ముందు అమ్మ చదివింది. తలుపు దగ్గర పోస్టుమ్యాన్‌కి ఎదురెళ్లిందిగా, పరుగెత్తుకుంటూ.

పోయినేడాది వెన్నులో ఆపరేషన్ చేయించుకుని, మాకేమో "టూర్లో ఉన్నా, సిగ్నల్ లేదు" అంటావా? శాంపిల్ కుర్చీలు మోయలేనివాణ్ని టూర్లకి పంపరని, ఆఫీసులో నీ సంగతి దాచి, "మా అమ్మ మంచం మీంచి పడింది, సెలవు కావాలి" అని రాసిచ్చావా? మధ్యాహ్నం నీళ్లకోసం నీ అంతట నువ్వు లేచి, ఆసుపత్రి వార్డులో నేలమీద పడి, పిలవడానికి గొంతు రాక, మంచాల కింద చెప్పులు చూస్తూ అలా పడున్నావా? ఎవరైనా తల తిప్పితే బాగుండనుకుంటుంటే మా కుట్టుగది గుర్తొచ్చిందా? గుర్ర్ మనగానే మేమందరం ఒక్కసారి తలలు తిప్పి పనిమీదికి వంచే ఆ గది? అక్కడ పడి ఉండి కూడా నవ్వొచ్చిందని రాశావు. నవ్వితే కుట్లు లాగాయని రాశావు. చంపేస్తా నిన్ను.

మేమేమైపోయాం? నేను లేనా, మీ బావ లేడా? నీళ్ల గ్లాసు అందించడానికి మనిషి లేని ఇంట్లో పుట్టావా? అవతల ఎవడో పత్రికవాడు అడిగితే మీ యజమానే ముందుకొచ్చి "పాపం వాళ్లమ్మ పడుతుండేదండీ" అని చెప్పేస్తే, కాదంటే సెలవు అబద్ధం బయటపడుతుందని పళ్లికిలించి నిలబడ్డావట. ముందే నాకొక్క మాట రాస్తే నీకు ఇంతకంటే మంచి అబద్ధం నేనల్లి ఇచ్చేదాన్ని కదరా! ఆ పాటి పని కూడా అక్కకి చెప్పవా?

నేను మైకు పట్టుకోను. గంభీరంగారు మాత్రం కోటు ఇస్త్రీ చేయించుకున్నాడు, వస్తానంటున్నాడు. పక్కనే కూర్చుని ఆయన లేవకుండా చూసుకుంటా. నిజం చెప్పే రోజు నీ నడుం గట్టిపడ్డాక వస్తుంది. అప్పుడు ముగ్గురం మళ్లీ కొట్టుకుందాం.

బోర్డు తీయించమని నేను రాయబోతుంటే అమ్మ పెన్ను లాక్కుంది. నీ ఉత్తరం చదివాక నిన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, పోస్టులో పోవు. తర్వాత మొహం కడుక్కుంది. మర్నాడు పిన్ని రాగానే మంచం కోడు పట్టుకుని "అమ్మా" అని మూలుగుతూ లేచింది. ఈ ఇంట్లో నాటకాలన్నీ నావే అనుకున్నా ఇన్నాళ్లూ. ఇప్పుడు వీధిలోకి వెళ్తే కుంటుతోంది. పొద్దున కుడికాలు, సాయంత్రం ఎడమకాలు. "ఏదో ఒక కాలు ఖాయం చేసుకోవే అమ్మా, పట్టుబడతావు" అన్నా.

"నా కొడుకు నడుం బాగయ్యేదాకా నాకు తోచిన కాలు కుంటుతా. నీకెందుకే?" అంది.

ఇట్లు,
నీ మీద ఇంకా కోపంగా ఉన్న
అక్క