చెరుకు కొస

అన్నా,

నవ్వకుండా విను. పోయిన వారం నా దవడ కింద గడ్డ లేచింది. నీ జబ్బు కూడా అక్కడే మొదలైంది కదా, అవ్వ పొయ్యి ఆర్పేసి నన్ను నిజామాబాద్ బస్సెక్కించింది.

గ్రంథులను ఉబ్బించి, నీ రక్తాన్ని పాడుచేసి నిన్ను తీసుకుపోయిన ఆ హెర్పిస్ జాతి వైరస్ ఎంగిలితో కూడా అంటుతుందని అప్పట్లో డాక్టరు చెప్పాడు. ఆ రోజు నుంచి నువ్వు నాతో ఒకే చెరుకు గడ కొరకలేదు. మోకాలికేసి విరిచి, తియ్యటి మొదలు నాకిచ్చి, కొస నువ్వు తీసుకునేవాడివి. "నాకు గిదే ఇష్టం పిల్లా" అనేవాడివి. నమ్మేశాను.

ఇవాళ మళ్లీ ఆస్పత్రికి పోతే నా రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ నవ్వింది. "ఆ జబ్బు కాదమ్మా. పన్ను పుచ్చి వాచింది, అంతే."

అవ్వ అక్కడే నా వీపు మీద ఒక్కటిచ్చింది. "పుచ్చిపోయిన పన్ను కోసం నా పానం తీసినవ్ గదనే!"

మన ఎడపల్లిలో బస్సు దిగగానే తనే చేన్లోకి పోయి చెరుకు గడ తెచ్చింది. "పుచ్చిన దిక్కు గాదు, గీ దిక్కు నములు" అంది.

నీలాగే మోకాలికేసి విరిచాను. మొదలు అవ్వకిచ్చి, మొట్టమొదటిసారి కొస నమిలి చూశాను.

ఎంత చప్పగా ఉందన్నా! దొంగవు నువ్వు.