మెట్ల కింది తలుపు

చెల్లీ,

ఎలా ఉన్నావు? ఫోనులో చెబుదామంటే మా ఇంట్లో గోడలకే కాదు, పైకప్పుకీ చెవులున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

మూడేళ్ళుగా మాటల్లేని మా తోడికోడలు మొన్న పైవాటానుంచి దిగివచ్చింది. చేతిలో నాకివ్వడానికని టార్చీ, మందులు సర్దిన ఒక రేకు పెట్టె, కొలత టేపు, నోటుపుస్తకం. వాళ్ళ ఆఫీసులో ఏదో శిక్షణ ఇచ్చారట. "ఈసారి వానలు ఎక్కువ, ఏటిగట్టు బాగాలేదు. భూమి కూడా రెండుసార్లు కదిలింది. నీళ్ళొస్తే నువ్వు పైకి రావాలి, భూమి కదిలితే మేం కిందికి రావాలి. రెండూ ఒక్కసారే వస్తే ఏం చెయ్యాలో ఇప్పుడే అనుకోవాలి" అంది. పైవాటానుంచి లోపలి మెట్లు నా వాటాలోకి దిగేచోట ఉన్న మెట్ల కింది తలుపు గడియ తీసి ఉంచమంది. గొడవైన రోజున నా వైపునుంచి గడియ పెట్టిన తలుపు అది. అప్పట్నుంచి వాళ్ళు వెనక ఇనుప మెట్ల మీదుగానే తిరుగుతున్నారు.

నాకు నమ్మకం కుదరలేదు. ఆ గొడవ దేనికో నీకు తెలుసు కదా. పక్షవాతంతో మా బావగారి కాలు పడిపోయాక, కింది వాటా తమకిచ్చి మమ్మల్ని పైకి పొమ్మన్నారు. నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు మెట్లెక్కుతారా? ఇప్పుడు వరద పేరు చెప్పి వచ్చింది. కూర్చోవడానికి చోటిస్తే పడుకోవడానికి చాప అడిగే రకం. నేను గుడ్డలు కత్తిరించే బల్లని కొలిచింది. తల ఎటు పెట్టుకుని పడుకుంటావంది. ఏం మాత్రలు వేసుకుంటావంది. అన్నీ రాసుకుంది. ఎవరైనా ఊరికే అడుగుతారా ఇవన్నీ?

మా ఆయన లిఫ్టులు బాగుచేసే పని మీద పొరుగూళ్ళో ఉన్నాడు. "పెట్టేగా, ఉండనీ" అన్నాడు. అన్నావదినల మాటంటే వెన్నలా కరిగిపోతాడు. నేను పెట్టె ఉంచుకున్నాను. గడియ మాత్రం తియ్యకపోగా, దానికో తాళం కూడా బిగించాను.

నీ అక్క

చెల్లీ,

అందరం బతికే ఉన్నాం. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో.

మూడు రోజులు విడవకుండా వాన. గురువారం మధ్యాహ్నానికి వీధిలో చీలమండల దాకా నీళ్ళు. నేను మిషను ముందు కూర్చుని ఉండగా భూమి కదిలింది. మంచం పక్కనున్న అలమార, నేను రోజూ తల పెట్టుకునే చోట బోర్లా పడింది. వీధిలోకి పరుగెత్తాను. లోపల్నుంచి దబదబా చప్పుడు. ఆ వానలో బావగారిని ఇనుప మెట్ల మీద దింపలేక, మా తోడికోడలు అక్కయ్య లోపలి మెట్ల మీదుగా దింపింది. తలుపు దగ్గర ఆగిపోయారు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. అప్పుడు కూడా ఒక్క క్షణం, ఇదంతా తలుపు తెరిపించడానికేనేమో అనిపించింది. తర్వాత బావగారి కేక వినబడింది. లోపలికెళ్ళి, తాళంచెవి వెతికి తీశాను. అప్పటికే పైనుంచి పెచ్చులూడిపడి ఆమె కుడి మణికట్టు విరిగింది. భూమి మళ్ళీ కదిలింది. ముగ్గురం బల్ల కిందికి దూరాం. సరిగ్గా పట్టాం. కుదుపు ఆగేసరికి నీళ్ళు గడప దాటాయి. బావగారిని చెరో పక్కా పట్టుకుని పైకెక్కాం.

పైన నా కోసం చాప, దుప్పటి, నా బీపీ మాత్రలు సిద్ధంగా ఉన్నాయి. పక్కనే నోటుపుస్తకం. అడక్కుండానే తెరిచాను. "బల్ల కింద ముగ్గురు పడతారు. అలమార చెల్లెలి తల మీద పడేలా ఉంది. మంచం జరపమనాలి. నేను చెబితే వినదు, మరిది చేత చెప్పించాలి" అని రాసి ఉంది. చెల్లెలంటే నేనే.

నిన్న మా ఆయన వచ్చాడు. అక్కయ్య ఆయనతోనూ, చూడవచ్చినవాళ్ళతోనూ, "భూకంపానికి తలుపు బిగుసుకుపోయింది" అంటోంది. నాకు మళ్ళీ అనుమానం. నా తప్పు ఈమె ఎందుకు దాస్తోంది? రేపు ఏ గొడవలో బయటపెడదామని? అనుమానం నా పుట్టుకతో వచ్చిన బుద్ధి మరి. ఉండబట్టలేక అందరి ముందూ చెప్పేశాను. "బిగుసుకోలేదు. నేనే తాళం వేశాను."

మా ఆయన తల దించుకున్నాడు. బావగారు గోడకేసి చూశారు. అక్కయ్య కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో సర్దుకుని, "వేసినప్పుడు నేను చూడలేదు. తీసినప్పుడు చప్పుడు విన్నాను. నాకది చాలు" అంది.

ఎడమచేత్తో తినలేకపోతోందని నేనే అన్నం కలిపి నోట్లో పెట్టాను. మొదటి ముద్దకే ఉప్పు తక్కువైందంది.

నీ అక్క