గాజుగొట్టంలో సగం నీళ్లు

చిట్కుల్,
ఆదివారం

సుగుణక్కకు తమ్ముడు సుధాకర్ వందనాలు.

నేను బాగానే ఉన్నాను. ఒంటి మీద గాయమేమీ లేదు. ఈ ముక్క ముందే రాస్తున్నాను, కింది సంగతులు చదివేటప్పుడు నువ్వు బెదిరిపోకూడదని. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావకు కొత్త షుగర్ మాత్రలు పడ్డాయా? మా పాపకు జ్వరం తగ్గిందని శాంత ఫోన్‌లో చెప్పింది. నేను దిగులు పడతానని శాంత కొన్ని మాటలు దాస్తుంది కదా, అందుకే నువ్వొకసారి ఇంటికి పోయి పాప నుదురు ముట్టి చూడు.

ఉత్తరం ఇంటికి కాకుండా నీ బడి అడ్రసుకు పంపడానికి కారణం ఉంది. ఇంటికి పంపితే శాంత ముందు చదువుతుంది. ఫోన్‌లో రెండుసార్లు చెప్పబోయి వేరే మాటలు చెప్పి పెట్టేశాను. ముందు నువ్వొక్కదానివే చదువు.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఆవిరి యంత్రం గురించి చెప్పాలి, నాయిన చెప్పినవేమైనా గుర్తుంటే రాయమని నువ్వు అడిగావు. అడిగిన వారంలోనే మొదలుపెట్టి సగం రాసి ఆపేశాను. ఆ సగం ముందు రాస్తాను. అది తెలిస్తేగానీ తర్వాత జరిగింది నీకు అర్థం కాదు.

నాయిన డోర్నకల్ షెడ్డులో ఫైర్‌మన్‌గా ఉన్న రోజులు నాకంటే నీకే ఎక్కువ గుర్తు. నాకు గుర్తున్నది మన వంటింట్లో ఆయన చెప్పిన పాఠం. అన్నం గిన్నె మీద మూత ఎగిరితే చాలు, "సూడు, గా మూతనే పిస్టన్. దాన్ని ఎగిరిపోకుండ గొట్టంల పెట్టి పట్టుకుంటే రైలు నడుస్తది" అనేవాడు. చెంచాడు నీళ్లు ఆవిరైతే వెయ్యి రెట్లకు మించిన చోటు అడుగుతాయి. చోటివ్వకపోతే తోస్తాయి. ఇంజను బలమంతా ఆ తోపే. బాయిలర్‌లో పుట్టిన ఆవిరిని సిలిండర్‌లోకి ఒకసారి ఈ వైపు నుంచి, ఒకసారి ఆ వైపు నుంచి వదులుతారు. లోపల పిస్టన్ ముందుకూ వెనక్కూ ఆడుతుంది. దానికి తగిలించిన కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. పని చేసి అలిసిన ఆవిరిని పొగగొట్టంలోకి ఊదుతారు. అది పైకి పోతూ పొగను తనతో లాక్కుపోతుంది, ఆ లాగుడుకు పొయ్యిలోకి గాలి దూసుకొస్తుంది, మంట రాజుకుంటుంది. పిల్లలు నోటితో చేసే చుక్ చుక్ చప్పుడు అదే. బండి ఎంత బరువు లాగితే అంత గట్టిగా ఊదుతుంది, మంట అంత పెరుగుతుంది. "ఆకలైన కొద్దీ తన బువ్వ తనే వండుకుంటది" అనేవాడు నాయిన.

ఈ యంత్రం మొదట రైలు కోసం పుట్టలేదు. ఇంగ్లండులో గనుల్లో ఊరే నీళ్లు తోడడానికి పుట్టింది. బొగ్గు తీయడానికి యంత్రం కావాలి, యంత్రం నడవడానికి బొగ్గు కావాలి. అలా రెండూ ఒకదాన్నొకటి పెంచాయి. తర్వాత దాన్ని బట్టల మిల్లులకు తగిలించారు, ఓడల్లో పెట్టారు, పట్టాలెక్కించారు. మన పత్తి రైలెక్కి రేవుకు పోయి మిల్లు గుడ్డగా తిరిగొచ్చింది, ఇక్కడ మగ్గాలు మూలపడ్డాయి. కరువు ఊరికి గింజలు తెచ్చింది రైలే. ధర ఎక్కువ పలికే చోటికి కరువు ఊరి గింజలను మోసుకుపోయిందీ రైలే. ఇల్లందు బొగ్గు లైను వచ్చి కలవబట్టి, ఇంజన్లు ఆగి నీళ్లు తాగబట్టి మన డోర్నకల్ అంత ఊరైంది. స్టీము ఆగిపోయిన ఏడాది నాయిన డీజిల్ షెడ్డులో గుడ్డ పట్టుకుని తుడిచే పనికి మారాడు. ఇంట్లో మాట్లాడటం తగ్గించాడు. అదంతా నీకు తెలుసు.

కానీ స్టీము పోయిందని మాత్రం పిల్లలకు చెప్పకు. నేను పనికొచ్చిన కాజీపల్లిలో ఎటు చూసినా పొగగొట్టాలే, ఒక్కో గొట్టం కింద ఒక్కో బాయిలర్. మందుల ఫ్యాక్టరీల్లో మరిగించేదీ, పొడి ఆరబెట్టేదీ ఆవిరే. బావ మింగే మాత్ర కూడా ఏదో ఒక బాయిలర్ వేడికే ఆరి ఉంటుంది. పెద్ద కరెంటు ప్లాంట్లలో టర్బైను తిప్పేదీ ఆవిరే.

నేను రాసి ఆపింది ఇక్కడిదాకా.

నా గదిలో ఉండే రఘునాథ్ గురించి నీకు ఫోన్‌లో చెప్పాను. ఒడిశా మనిషి, యాభై దాటాయి, మెడలో తులసి పూసలు. నేను బాయిలర్ నడిపేవాణ్ణి, ఆయన పొయ్యిలో బొగ్గు వేసేవాడు. ఈ ఊళ్లో నాకున్న మనిషి ఆయనొక్కడే. చలికాలం వచ్చాక పొద్దున పొగమంచులో ఏదో ఘాటు వాసన కలిసి గొంతు మండుతుంది. మేం ఉండే వాడలో బోరు నీళ్లు ఎవరూ తాగరు. అలాంటి చోట పద్నాలుగు నెలలు నేను నిలిచానంటే ఆయన వల్లే. మన సద్దన్నం లాంటిదే వాళ్లకూ ఉంది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి, పొద్దున ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినేవాడు. నాకూ ఒక గిన్నె పెట్టి, "తిను భాయ్, ఇంజన్ గూడ ఖాళీ పేట్ నడ్వదు" అనేవాడు. మందు వాసన పడేది కాదు. పక్క గదిలో ఎవరైనా తాగితే లేచి బయట కూర్చునేవాడు.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

బాయిలర్‌లో నీళ్లు ఎంత ఉన్నాయో బయటికి కనిపించడానికి పక్కన ఒక గాజుగొట్టం ఉంటుంది. లోపల నీళ్లు ఏ ఎత్తులో ఉంటే గాజులోనూ అదే ఎత్తు. నీళ్లు తగ్గితే లోపలి ఇనుప గొట్టాలు మంటకు ఎర్రబడి చిట్లిపోతాయి. గాజుకు పోయే సన్న దారిలో సున్నం పేరుకుంటే గాజు పాత ఎత్తునే చూపిస్తుంది. అందుకే డ్యూటీ ఎక్కిన ప్రతిసారీ కింద ఉండే కాక్ అనే చిన్న కుళాయి తిప్పి ఆ నీళ్లు వదిలేసి, మళ్లీ నిండుతున్నాయో లేదో చూడాలి. అది కాక నీళ్లు తగ్గితే అలారం మోగి బాయిలర్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది.

మా బాయిలర్ ఆ నెల మాటిమాటికీ ఆగిపోయింది. షిఫ్ట్ ఇంచార్జి నర్సింలు వచ్చాడు.

"ఏంది సుధాకర్, గంటకోసారి గిట్ల బందైతే డ్రయ్యర్ల మాల్ ఏం గావాలె? అలారం ఖరాబైంది. వైరు కలిపి డైరెక్ట్ జేయిపిస్త. నువ్వు గాజుల సూస్కుంట నడుపు."

"సార్, అది లేకుంటే నీళ్లు తగ్గినా బాయిలర్ ఆగదు. గాజు కింది కాక్ గూడ బిగుసుకపోయింది, తిప్పితే ఇరిగేటట్టున్నది."

"షట్‌డౌన్ల రెండూ కొత్తవి ఏపిస్త అన్న గదా. ఇగ పరేషాన్ జేయకు."

నేను ఊరుకున్నాను అక్కా. అలారం చెడలేదు. పంపు అప్పుడప్పుడూ నీళ్లు అందుకోవడం లేదు, అలారం నిజమే చెప్పింది. నేను పంపు విప్పి చూసి ఉంటే తెలిసేది. పదకొండు రోజులు అలాగే నడిపాను. ప్రతి షిఫ్టులో లాగ్ పుస్తకంలో "గాజు పరీక్ష ఓకే, అలారం ఓకే" అని నా చేత్తోనే రాశాను.

పన్నెండో రోజు పొద్దున పది గంటలప్పుడు స్టోరు నుంచి వాల్వులు కారకుండా చుట్టే ప్యాకింగ్ తాడు తెచ్చుకోమంటే పోయాను. రఘునాథ్ ఒక్కడే ఉన్నాడు. స్టోరు కిటికీ దగ్గర సంతకం పెడుతుండగా చప్పుడైంది. లారీ టైరు పేలినట్టుంది. తిరిగి చూస్తే బాయిలర్ గది తలుపులోంచి తెల్లగా ఆవిరి వస్తోంది. బొగ్గు వేయడానికి ఆయన పొయ్యి తలుపు తెరిచిన క్షణంలోనే లోపల గొట్టం చిట్లింది. ఆవిరీ నిప్పూ కలిసి ఆయన మీదికి వచ్చాయి. పరుగెత్తుకెళ్లి ఆయన్ని చేతుల మీద బయటికి తెచ్చాను. ఒళ్లు ఎలా ఉందో నీకు రాయను. తిరిగి చూస్తే గాజుగొట్టంలో ఇంకా సగం నీళ్లు కనిపిస్తున్నాయి.

ఆసుపత్రిలో రెండు రోజులు బతికాడు. తెలివిలో ఉన్నంతసేపూ ఒకటే మాట. "గ్లాస్‌ల పానీ ఉండె భాయ్. నేను సూసిన. ఆధా ఉండె." అవును, ఉండె అన్నాను. అది అబద్ధపు గాజని చెప్పలేకపోయాను. మూడో రోజు తెల్లారేసరికి పోయాడు.

ఆ మధ్యాహ్నం నర్సింలు నన్ను ఆఫీసులోకి పిలిచి టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. రఘునాథ్ తాగి డ్యూటీకి వచ్చాడని, నీళ్లు చూడకుండా తలుపు తెరిచాడని ఉంది.

"సార్, ఆయన తాగడు" అన్నాను.

"ఆయన పోయిండు. ఆయనకు ఇగ అయ్యేదేం లేదు. బాయిలర్ సర్టిఫికెట్ నీ పేరు మీదున్నది. ఆయన తప్పు కాకుంటే నీ తప్పైతది. జైలుకు పోతవా? పిల్ల ఉన్నది నీకు. ఆలోచన జేయి."

ఆలోచించలేదక్కా. సంతకం పెట్టాను. అలారానికి కలిపిన వైరు అప్పటికే తీసేశారు.

మర్నాడు రఘునాథ్ తమ్ముడూ పెద్ద కూతురు సబితా వచ్చారు. ఇరవై రెండేళ్ల పిల్ల. పటాన్‌చెరులో దహనం అయ్యాక గదికి వచ్చి తండ్రి బట్టలు, కంచం, దుప్పటి సంచిలో పెట్టుకుంది. సంచి మూతి కట్టాక నా వైపు తిరిగింది. నేను సంతకం పెట్టిన కాగితం నకలు ఆఫీసులో ఇచ్చినట్టున్నారు, చేతిలో ఉంది. అందులో ఏముందో ఎవరో చదివి చెప్పారు.

"చాచా, పాపా పీతే థే క్యా?"

బాబాయ్, నాన్న తాగేవాడా అని అడుగుతోంది. లేదమ్మా, ఎప్పుడూ తాగలేదు అన్నాను. మరి మీ పేరుతో ఇలా ఎందుకు ఉంది అంది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచి మూతి మళ్లీ విప్పి అందులో వేసుకుని వెళ్లిపోయింది. ఊళ్లో వాళ్లమ్మకు దాన్ని ఎవరు చదివి వినిపిస్తారో అనుకుంటూ కూర్చున్నాను. వండుకోలేదు, పడుకోలేదు.

ప్రమాదం తర్వాత ఒకసారి వచ్చిపోయిన బాయిలర్ల ఇన్‌స్పెక్టర్ విచారణకు రెండోసారి వచ్చిన రోజు, అందరి ముందూ ఆయన దగ్గరికి పోయి నిలబడ్డాను. మొదటి కాగితం అబద్ధమని చెప్పాను. వైరు సంగతి, బిగుసుకున్న కాక్ సంగతి, నా లాగ్ పుస్తకం సంగతి అన్నీ చెప్పాను. ఆయన గాజుగొట్టం విప్పించి కింది దారిలో ఇనుప పుల్ల పెట్టి చూశాడు. అరంగుళం కూడా దిగలేదు. లోపల సున్నం రాయిలా గడ్డకట్టింది. తర్వాత లాగ్ పుస్తకం నా ముందు తెరిచాడు.

"పదకొండు దినాలు ఓకే అని రాసింది నువ్వేనా?"

"నేనే సార్."

"నీ సర్టిఫికెట్ పోతది. కేసు గూడ అయితది. తెలుసా?"

"తెలుసు సార్. ఆయన తాగలేదు. ముందు గా మాట రాయుండ్రి."

రాశాడు. కింద సంతకం పెట్టాను. గేటు దాటేసరికి నా ఐడీ కార్డు తీసుకున్నారు. గది కూడా కంపెనీదే, సాయంత్రానికి ఖాళీ చేశాను. ఇప్పుడు చిట్కుల్‌లో మన చర్చి వాళ్ల ఇంటి వెనక గదిలో ఉంటున్నాను. నిన్నటిదాకా నాతో టీ తాగినవాళ్లు రోడ్డు మీద కనబడితే ఫోన్ చూసుకుంటూ పోతున్నారు. వైరు కలిపిన ఎలక్ట్రీషియన్ తనకేమీ తెలియదన్నాడు. నర్సింలును ఇంకో యూనిట్‌కు మార్చారట. వేరే బాయిలర్ తెచ్చి పెట్టారు, పొగ మళ్లీ వస్తోంది. విచారణ ఫైల్లో నా సంతకంతో రెండు కాగితాలున్నాయి. తేదీలు చూస్తేగానీ ఏది ముందుదో తెలియదు.

నాలుగు రోజుల కింద సబితకు ఫోన్ చేశాను. ఇన్‌స్పెక్టర్ రాసుకున్న కొత్త కాగితం నకలు అందిందని, ఊరి మాస్టారు వాళ్లమ్మకు చదివి చెప్పాడని అంది. క్షమించమన్నాను. ఇక మీరు ఫోన్ చేయొద్దు చాచా అని పెట్టేసింది. మళ్లీ చేయను.

అక్కా, నేను భయపడి సంతకం పెట్టిన మాట నిజం. తర్వాత చేసిన పని వల్ల అది చెరిగిపోదు. నువ్వు నన్ను ఓదార్చొద్దు. గురువారం ఉదయం బండికి వస్తున్నాను. పని పోయిందని అమ్మకు ఇప్పుడే తెలియనివ్వకు. శాంతకు నేనే చెప్తాను, అప్పుడు నువ్వు ఆమె పక్కన కూర్చో. కేసు తేదీ వేస్తే మళ్లీ ఇక్కడికి రావాలి. అంతదాకా ఏ పనైనా చేస్తాను, పొయ్యి దగ్గరి పని ఒక్కటి తప్ప.

బావకు, అమ్మకు, వెనకింటి పెద్దమ్మకు నా వందనాలు చెప్పు. పాపకు ముద్దులు. పాస్టరుగారిని ఈ వారం నా కోసం ప్రార్థన పెట్టమను. నా పేరు కంటే ముందు రఘునాథ్ పేరు చెప్పమను. ఆయన మొక్కిన దేవుడు వేరు. అయినా చెప్పమను.

నీ తమ్ముడు
సుధాకర్